కరెంటు పెట్టిన మెడలో మళ్లీ ఫ్లాప్ ఆపరేషన్ చేయొచ్చా? బరంపురం నుంచి అడిగిన ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకూ అర్థమయ్యేలా దాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. మీ నాన్నగారికి 58 ఏళ్లు, ఒడిశాలోని బరంపురంలో పట్టు మగ్గం పని. నాలుగేళ్ల కిందట కుడి బుగ్గ లోపల, కింది చిగురు దగ్గర కేన్సర్ వస్తే ఆపరేషన్ చేశారు. కుడి మెడలో గడ్డలు తీసి, కుడి ఛాతీ నుంచి కండ తెచ్చి బుగ్గకు పెట్టారు. తర్వాత 30 కరెంట్లు, అంటే రేడియేషన్, ఇచ్చారు. నిరుడు అదే వైపు పన్ను కదులుతోందని తీయించారు, ఆ గాయం మానలేదు. ఇప్పుడు నోట్లో ఎముక కనబడుతోంది, దవడ కింద చర్మానికి రంధ్రం పడి చీము కారుతోంది, ఎక్స్‌రేలో దవడ విరిగి ఉంది. ముక్క పరీక్షలో (బయాప్సీ) కేన్సర్ లేదన్నారు, సీటీలో అనుమానం ఉందన్నారు. ఒక డాక్టరు కాలి ఎముకతో దవడ కట్టాలన్నారు. ఇంకొకరు, కరెంటు పెట్టిన మెడలో రక్తనాళాలు అతకవు, మందులతో సరిపెట్టుకోండి అన్నారు. కరెంటు పెట్టినచోట కత్తి పెడితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని మీ చిన్నాన్నగారు అంటున్నారు. ఇంతలో చేయించాలా, వద్దా అని మీ ప్రశ్న.

నాది ఇచ్ఛాపురం. విశాఖలో తల, మెడ కేన్సర్ ఆపరేషన్ల తర్వాత ఫ్లాప్ పెట్టే పని, అంటే ఒంట్లో ఇంకోచోటి నుంచి కండో ఎముకో తెచ్చి తీసిన ఖాళీని పూడ్చే పని, చాలా ఏళ్లుగా చేస్తున్నాను. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి మీలాంటి కుటుంబాలు మా దగ్గరికి తరచు వస్తుంటాయి. మీ నాన్నగారిని చూడకుండా చేయించమని గానీ వద్దని గానీ నేను చెప్పకూడదు. కానీ ఆ నిర్ణయం దేని మీద ఆధారపడుతుందో వివరంగా చెప్పగలను. కరెంటు అయిన మెడలో ఫ్లాప్ పెట్టడం అసాధ్యం కాదు. తల, మెడ కేన్సర్‌కు పెద్ద ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో మామూలుగా జరిగే పనే. మొదటిసారి చేసేదానికంటే కష్టం, అంతే. ఆ కష్టం ఏ మేరకో తేలేది చాలావరకు పాత ఆపరేషన్, కరెంటు కాగితాల వల్లే. అందుకే కాగితాల గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మీ చిన్నాన్నగారి మాట గురించి ముందు. కత్తి తగిలితే కేన్సర్ పాకదు. ఆలస్యంగా, జబ్బు ముదిరాక ఆపరేషన్ చేయించుకుని కొద్ది నెలల్లో పోయినవాళ్లను ఊళ్లో అందరూ చూసి ఉంటారు, ఆ భయం అక్కడి నుంచి వస్తుంది. ఆయనతో వాదించొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన్ని కూడా తీసుకెళ్లండి, స్కాన్ ఆయన కళ్ల ముందే చూపించి చెప్పమనండి. ఇంట్లో పెద్దవాళ్లకు నమ్మకం కుదరకపోతే సగం వైద్యంలో ఆపేసి ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఈ ఆపరేషన్‌లో దానంత ప్రమాదం ఇంకోటి లేదు.

ఇక అసలు సంగతి. ఇది కేన్సర్ తిరగబెట్టడమా, కరెంటు వల్ల దవడ ఎముక చచ్చిపోవడమా అన్నది మొదట తేలాలి. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. మీరు రాసిన వరస, అంటే పన్ను తీయడం, గాయం మానకపోవడం, ఎముక బయటపడడం, చివరికి విరగడం, ఇదంతా రెండోదానిలా ఉంది. దీన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. పై దవడకు చాలా వైపుల నుంచి రక్తం అందుతుంది. కింది దవడకు ఎక్కువ భాగం ఎముక లోపల నడిచే ఒకే ధమని నుంచి రావాలి. అందుకే ఈ బాధ కింది దవడకే ఎక్కువ. కరెంటు డోసును గ్రేలలో కొలుస్తారు, అది 60 గ్రే దాటేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 30 కరెంట్లు అన్నారు కాబట్టి, రోజుకు 2 గ్రే చొప్పున అయితే మీ నాన్నగారికి సరిగ్గా 60 అయి ఉంటుంది. కరెంటు అయినవాళ్లు ఆ వైపు కింది పన్ను తీయించేముందు కేన్సర్ డాక్టరును అడగాలి. ఇది చదివే మిగతావాళ్లకు చెబుతున్నాను, మీరు జరిగినదానికి బాధపడొద్దు.

అలా అని కేన్సర్ లేదనుకుని నిశ్చింతగా కూర్చోకూడదు. చచ్చిన ఎముక, చీము మధ్య నుంచి గోరంత ముక్క తీస్తే కేన్సర్ ఉన్నా అందులో పడకపోవచ్చు. ఒక్క రిపోర్టుతో తేల్చకండి. మత్తు ఇచ్చి, పుండు అంచు నుంచి, ఎముక పక్కనున్న మెత్తటి కండ నుంచి, చర్మం మీది రంధ్రం నుంచి, ఇలా నాలుగైదు చోట్ల లోతుగా ముక్కలు తీయించాలి. ఒళ్లంతా చూసే పెట్ సీటీ స్కాన్ కూడా అడుగుతారు. కేన్సర్ ఉన్నచోటే కాదు, ఇన్ఫెక్షన్ ఉన్నచోట కూడా పెట్ వెలుగుతుంది, కాబట్టి రిపోర్టులో దవడ దగ్గర వెలిగిందని రాస్తే టెన్షన్ పడిపోవద్దు. ఇలాంటి కేసులో ఆ స్కాన్‌తో మనం ముఖ్యంగా చూసేది ఊపిరితిత్తుల్లోనూ మెడ ఎడమ వైపునా ఏమైనా ఉందా అని.

కేన్సరే అని తేలితే ఎంతవరకు పాకిందో చూడాలి. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనిని చుట్టేసినా, వెన్నెముక ముందు పొరకు అంటుకున్నా, ఊపిరితిత్తులకు చేరినా ఇంత పెద్ద ఆపరేషన్ చేయడం న్యాయం కాదు. అప్పుడు కీమో, ఇమ్యూనోథెరపీ, నొప్పి తగ్గించే వైద్యం, ఇవే సరైన దారి. అలాంటి స్థితిలో ఆపరేషన్ వద్దన్న డాక్టరు మీకు మేలే చేసినట్టు. అలా కాకుండా జబ్బు దవడ వరకే ఉంటే, నాలుగేళ్ల తర్వాత వచ్చింది కాబట్టి, ఆరు నెలల్లో తిరగబెట్టినదానికంటే ఆశ ఎక్కువ. ఒక్కోసారి అది పాతది తిరగబెట్టడం కూడా కాదు, అదే నోట్లో కొత్తగా పుట్టిన ఇంకో కేన్సర్.

అందుకే మందులతో సరిపెట్టుకోమన్న డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి. "జబ్బు పూర్తిగా తీయడానికి వీల్లేదంటున్నారా, తీశాక పూడ్చడానికి వీల్లేదంటున్నారా?" మొదటిదే కారణమైతే ఆయన మాట బరువైనది. రెండోదే అయితే, ఇలాంటి మెడల్లో తరచు ఫ్లాప్‌లు పెట్టే ఇంకొక చోట చూపించకుండా ఆగిపోవద్దు. తీయగలిగిన జబ్బుని పూడ్చలేమనే కారణంతో వదిలేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

కేన్సర్ కాదు, ఎముక చచ్చిపోవడమే అని తేలితే? మొదటి దశల్లో యాంటీబయాటిక్స్, పెంటాక్సిఫిలిన్, విటమిన్ ఇ వంటివి వాడి చూస్తారు. దవడ విరిగి, చర్మానికి రంధ్రం పడ్డాక అవి చాలవు, అది చివరి దశ. చచ్చిన ఎముకను, కోస్తే రక్తం కారే ఎముక తగిలేదాకా తీసేయాలి. తీసిన ఖాళీలో స్టీలు ప్లేటు ఒక్కటే పెడితే కొన్నాళ్లకు పలచబడ్డ చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. తుంటి నుంచి వట్టి ఎముక ముక్క తెచ్చి పెడితే, చుట్టూ రక్తం లేని నేలలో అదీ చచ్చిపోతుంది. అందుకే తన ధమనిని, సిరను వెంట తెచ్చుకునే ఎముక కావాలి. పిక్క పక్కనుండే సన్న ఎముక, ఫిబులా, దానికి సరిగ్గా పనికొస్తుంది. ఆస్ట్రేలియాలో టేలర్ బృందం 1975లో దీన్ని రక్తనాళాలతో సహా తీసి కాలి గాయానికి పెట్టింది. 1989లో న్యూయార్క్‌లో హిడాల్గో దాన్నే ముక్కలుగా కోసి, వంచి, కింది దవడగా మలిచాడు. ఇవాళ మన దగ్గర కూడా దవడ కట్టడానికి ముందు తలపుకొచ్చేది ఇదే. ఒంటి బరువంతా పక్కనున్న పెద్ద ఎముక మోస్తుంది. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర కొన్ని సెంటీమీటర్లు వదిలేసి మధ్యది తీస్తే నడకకు పెద్ద లోటు రాదు. వాకర్ పట్టుకుని చాలామంది వారం, పది రోజుల్లోనే అడుగులు వేస్తారు. బొటనవేలు కిందికి వంచడం కాస్త బలహీనపడుతుంది, పాదం పైన కొంత తిమ్మిరి ఉండొచ్చు. మగ్గం గుంటలో కూర్చుని తొక్కుడు తొక్కే మనిషి కాబట్టి, ఏ కాలు ఎక్కువ వాడతారో ముందే సర్జన్‌కు చెప్పండి.

ఇప్పుడు రక్తనాళాల సంగతి. కాలి నుంచి తెచ్చిన ఫ్లాప్‌లో ఒక ధమని, ఒకటో రెండో సిరలు ఉంటాయి. వాటిని మెడలో ఉన్న ధమనికి, సిరకు మైక్రోస్కోప్ కింద కుట్టాలి. ఆ గొట్టాలు రెండు, మూడు మిల్లీమీటర్ల లావు. కుట్టే దారం తల వెంట్రుక కంటే సన్నం. కరెంటు పడని మెడలో ధమని గోడ మెత్తగా, సాగుతూ ఉంటుంది. కరెంటు పడినచోట లోపలి పొర మందమై, గోడ నుంచి విడిపోయేలా ఉంటుంది. పాతబడి చివికిన పట్టుపోగును కొత్తపోగుతో ముడివేసినట్టుంటుంది, మీ ఇంట్లోవాళ్లకు ఆ పని ఎంత ఓర్పుతో చేయాలో నేను చెప్పక్కర్లేదు. అందుకే ఇలాంటి ధమనికి సూదిని లోపలి నుంచి బయటికి గుచ్చుతాం, లోపలి పొర గోడకే అదిమిపెట్టి ఉండాలని. బయటి నుంచి లోపలికి గుచ్చితే ఆ పొర తోసుకుపోయి, రక్తం దాని వెనక్కి దూరి గడ్డకడుతుంది. కుట్టేముందు ధమని కొసను కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ పోతాం, లోపలి గోడ నున్నగా కనబడేదాకా. తర్వాత క్లిప్పు వదిలి చూస్తాం. రక్తం చిమ్మాలి. బొట్లు బొట్లుగా కారితే ఆ ధమని పనికిరాదు, ఇంకోటి వెతకాలి.

కరెంటు చేసిన నష్టం కాలం గడిస్తే తగ్గదు. సన్న రక్తనాళాలు ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా మూసుకుపోతూ ఉంటాయి. నాలుగేళ్లు అయిపోయింది కదా, ఇప్పటికి మెత్తబడి ఉంటుంది అని అడుగుతుంటారు. మెత్తబడదు.

అయితే ఎక్కువ ఇబ్బంది కరెంటుతో కాదు, మొదటి ఆపరేషన్‌లో ఏ నాళాలు తీసేశారన్నదానితో. మెడలో గడ్డలు తీసేటప్పుడు ఒక్కోసారి ముఖానికి వెళ్లే ఫేషియల్ ధమనిని కట్టేస్తారు, పెద్ద సిర అయిన ఇంటర్నల్ జుగులర్‌ను కూడా తీసేయాల్సి వస్తుంది. పైకి మచ్చ చూసి ఇది తెలియదు. ఇది రాసి ఉండేది ఆపరేషన్ అయ్యాక సర్జన్ రాసే ఆపరేషన్ నోట్‌లో. డిశ్చార్జ్ సమ్మరీ వేరు, ఆపరేషన్ నోట్ వేరు. చాలామంది దగ్గర మొదటిదే ఉంటుంది. నాలుగేళ్ల కిందట చేసిన ఆసుపత్రికి వెళ్లి, మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో నాన్నగారి పాత నంబరు చెప్పి, ఆపరేషన్ నోట్ కాపీ కావాలని దరఖాస్తు రాసి తీసుకోండి. రోగికి తన రికార్డుల కాపీ అడిగే హక్కు ఉంది. అక్కడే కరెంటు విభాగంలో రేడియేషన్ సమ్మరీ అడగండి. మొత్తం ఎన్ని గ్రే, ఎన్ని రోజులు, మెడ ఒక వైపా, రెండు వైపులా అన్నది అందులో ఉంటుంది. ఎడమ మెడకు కరెంటు పడలేదని తేలితే మీ నాన్నగారి కేసు సగం తేలికైనట్టే. మూడోది, పాత ముక్క పరీక్ష తాలూకు గాజు స్లైడ్లు, మైనం బ్లాకులు. కొత్తగా కేన్సర్ అని వస్తే పాతదానితో పోల్చి చూడడానికి అవి కావాలి. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి ఎక్స్‌రే కవర్లు మోసుకొచ్చి, ఆ ఒక్క నోట్ లేక, మెడ తెరిచాకే తెలుసుకోవాల్సి వచ్చే కేసులు మాకు తరచూ వస్తాయి. తెరిచాక తెలిస్తే గంటలు పెరుగుతాయి, ప్రమాదం పెరుగుతుంది.

నోట్‌తో పాటు మెడకు సీటీ యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాలు చూపించే స్కాన్, చేయిస్తే ఏ నాళం మిగిలిందో దాదాపుగా తెలుస్తుంది. అదే సమయంలో రెండు కాళ్లకూ చేయించాలి. కొందరికి పాదానికి రక్తం ముఖ్యంగా ఫిబులా పక్క నాళం నుంచే వెళ్తుంది. వాళ్లకు ఆ ఎముక తీయకూడదు.

కుడి మెడలో ఏమీ మిగలకపోతే ఏం చేస్తారు? ఎడమ మెడ నాళాలు వాడతారు. గడ్డం కింద నుంచి దాటించాలి కాబట్టి ఫ్లాప్ నాళం పొడుగు కావాలి. ఫిబులా నాళం మామూలుగా పొట్టి, పై కొస ఎముక కొంత వదిలేసి దాన్ని పొడుగు చేసుకుంటారు. అదీ చాలకపోతే కాలి నుంచే ఒక సిర తీసి మధ్యలో అతుకు వేస్తారు. అతుకులు పెరిగేకొద్దీ గడ్డకట్టే అవకాశమూ పెరుగుతుంది, అందుకే అది చివరి మాట. మెడ అడుగున, భుజం ఎముక వైపు పోయే ట్రాన్స్‌వర్స్ సర్వైకల్ ధమని చాలాసార్లు గడ్డలు తీసినా మిగిలి ఉంటుంది. చెవి ముందున్న టెంపోరల్ నాళాలు ఉన్నాయి. రొమ్ము ఎముక పక్కన, పక్కటెముక మృదులాస్థి వెనక ఇంటర్నల్ మామరీ నాళాలు ఉంటాయి, అక్కడిదాకా కరెంటు సాధారణంగా పడదు. మంచి సిర మెడలో దొరక్కపోతే చేతి నుంచి సెఫాలిక్ సిరను విడదీసి, భుజం మీదుగా పైకి తిప్పి మెడలోకి తెస్తారు. ఈ చివరిది గుర్తుంచుకోండి, ఎందుకంటే దాన్ని కాపాడేది మీరే. ఈ రోజు నుంచి ఆ రెండు చేతులకూ సెలైన్ సూదులు, రక్త పరీక్షల గుచ్చుళ్లు వీలైనంత తగ్గించండి. తప్పకపోతే అరచేతి వెనక మాత్రమే గుచ్చమనండి. బలం సెలైన్ అని వీధిలో ఎవరో ఒకరితో ఎక్కించడం మన వైపు బాగా అలవాటు. అది ఇప్పుడు అస్సలు వద్దు.

మీ సర్జన్‌ను ఇంకో మాట కూడా సూటిగా అడగండి. "ఈ ఫ్లాప్ నిలబడకపోతే తర్వాత ఏం చేస్తారు?" అనుభవమున్న చోట ఇలా నాళాలు కోసి తెచ్చి మెడలో అతికే ఫ్రీ ఫ్లాప్‌లు నూటికి 95 దాకా నిలబడతాయి. కరెంటు అయిన, నాళాలు పోయిన మెడల్లో అది కొంత తగ్గుతుంది, అయినా మంచి చేతుల్లో ఎక్కువ శాతం నిలబడతాయి. నిలబడని ఆ కొద్దిమందికి వెనకాల ఒక దారి ఉండాలి. మామూలుగా ఆ దారి ఛాతీ కండ. 1979లో ఏరియన్ చెప్పినప్పటి నుంచి తల, మెడ ఆపరేషన్లలో అదే ఆపద్బాంధవి. మీ నాన్నగారికి కుడి ఛాతీది వాడేశారు, ఎడమది మిగిలి ఉంది. దాన్ని ఇప్పుడే ముట్టుకోకుండా ఉంచుకోవాలని సర్జన్ అంటే అది మంచి ఆలోచన. నాన్నగారి గుండె, ఊపిరితిత్తులు పది, పన్నెండు గంటల మత్తుకు తట్టుకోలేవని మత్తు డాక్టరు అంటే, ఎముక కట్టకుండా ఎడమ ఛాతీ కండతోనే పూడ్చి ముగించడం కూడా గౌరవమైన వైద్యమే. ముఖం ఒక పక్కకు కాస్త వాలుతుంది, మెత్తటి తిండే తినాలి. కానీ చీము ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది, ఇంటికి వెళ్తారు. పెద్ద ఆపరేషనే గొప్ప అనుకోకండి.

ఆపరేషన్‌కు ముందు నెల రోజుల్లో ఇంట్లో చేయాల్సిన పని చాలా ఉంది. పొగాకు మొదటిది. బీడీ, ఖైనీ మానేశారని రాశారు. గుడాకు సంగతి రాయలేదు. పొద్దున్నే పళ్లకు గుడాకు రుద్దుకోవడాన్ని మన వైపు పళ్లు తోముకోవడంగానే చూస్తారు, పొగాకు వాడతారా అని డాక్టరు అడిగితే లేదనే చెబుతారు, అబద్ధమని వాళ్లకు తెలియదు. గుడాకు పొగాకే. అందులోని నికోటిన్ సన్న రక్తనాళాలను బిగబడుతుంది. కనీసం నాలుగు వారాలు ముందే పూర్తిగా ఆపాలి. ఆసుపత్రిలో పక్కన పడుకునేవాళ్లు కూడా జేబులో డబ్బా పెట్టుకు రావొద్దు.

రెండోది థైరాయిడ్. మెడకు కరెంటు పడినవాళ్లలో చాలామందికి కొన్నేళ్లకు థైరాయిడ్ మందగిస్తుంది. నీరసం, మలబద్ధకం, ఒళ్లు చల్లబడడం వంటివి వయసు వల్లేననుకుని వదిలేస్తారు. థైరాయిడ్ తక్కువగా ఉంటే గాయం మానదు, నోటి నుంచి మెడకు లాలాజలం కారే రంధ్రం పడే ప్రమాదం పెరుగుతుంది. టీఎస్‌హెచ్ పరీక్ష బరంపురంలోనే అయిపోతుంది, తక్కువ ఖర్చు. తేడా ఉంటే మాత్ర మొదలుపెట్టి కొన్ని వారాలు సరిదిద్దుకునే సమయం దొరుకుతుంది.

మూడోది తిండి. ఏడాదిగా నొప్పితో సరిగ్గా తినలేకపోతున్నారన్నారు కాబట్టి బరువు ఎంత తగ్గారో చూడండి. బాగా తగ్గి ఉంటే, ముక్కు గొట్టం ఇప్పుడే వేయించి రెండు, మూడు వారాలు తిండి పెట్టడం మంచిది. గొట్టం అంటే ఆఖరి దశ అని భయపడతారు. ఇక్కడ అది ఆపరేషన్‌కు బలం కూడదీసుకోవడం. రాగి జావ, పాలు, పప్పు కట్టు గుడ్డలో వడకట్టి పోయొచ్చు. డైటీషియన్ చెప్పిన పొడి కలిపితే ప్రోటీన్ సరిపోతుంది. ప్రతిసారీ చివర మంచినీళ్లతో గొట్టం కడగాలి, లేకపోతే జావ గట్టిపడి మూసుకుపోతుంది. షుగరు ఉందేమో కూడా చూపించుకోండి.

ఆపరేషన్ తర్వాత మొదటి మూడు రోజులు ఫ్లాప్ ప్రాణం మీద ఉంటుంది. నాళం మూసుకుపోతే ఎక్కువగా ఈ రోజుల్లోనే, అదీ ధమని కంటే సిరే ఎక్కువగా మూసుకుపోతుంది. అందుకే మొదటి రాత్రుల్లో నర్సు గంటగంటకూ వచ్చి రంగు చూస్తుంది, వేలితో నొక్కి వదిలి రక్తం ఎంతసేపట్లో తిరిగి వస్తుందో చూస్తుంది, సన్న సూదితో గుచ్చుతుంది. గుచ్చితే కాసేపటికి ఎర్రటి రక్తం వస్తే బాగున్నట్టు. వెంటనే నల్లటి రక్తం పొంగి, ఫ్లాప్ ఉబ్బి ఊదాగా మారితే సిర మూసుకుపోతున్నట్టు. తెల్లగా, చల్లగా ఉండి గుచ్చినా రక్తం రాకపోతే ధమని. ఏదైనా వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి. ఆ రాత్రి సంతకం కోసం వచ్చినప్పుడు మళ్లీ ఆపరేషనా అని కోపగించుకోకండి. గంటల్లో తెరిస్తే కాపాడగలం, తెల్లారేదాకా ఆగితే పోతుంది. కాబట్టి సంతకం పెట్టగల మనిషి ఒకరు ఆ మూడు రాత్రులూ ఆసుపత్రిలోనే ఉండాలి.

ఊపిరి కోసం గొంతుకు పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టాన్ని మామూలుగా మెడ చుట్టూ నాడాతో కడతారు. ఫ్లాప్ పెట్టినవాళ్లకు అది వద్దు, చర్మానికి కుట్లతో బిగిస్తారు. నాడా బిగిస్తే కింద ఉన్న సిర అణిగిపోతుంది. వార్డు మారినప్పుడు తెలియని వాళ్లెవరైనా నాడా కట్టబోతే, ముందు సర్జన్‌ను అడగమని మీరే ఆపండి. తల కూడా కుట్లు వేసిన వైపుకు బాగా తిప్పనివ్వొద్దు.

గొంతులో గొట్టం ఉన్నన్ని రోజులు మాట రాదు. మన బరంపురం వైపు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడి చదువు ఒడియాలో అయినవాళ్లు చాలామంది. మీ నాన్నగారు పలక మీద ఒడియాలో రాస్తే విశాఖ నర్సుకు చదవడం రాదు. భువనేశ్వర్‌లో చేయిస్తే ఆ బాధ లేదు. విశాఖ అయితే ముందు రోజే, నొప్పి, ఊపిరి ఆడట్లేదు, కఫం తీయాలి, దాహం, మూత్రం, వీటికి ఒక్కో బొమ్మ గీసి అట్ట మీద అంటించి మంచానికి కట్టండి. చేతి సైగలు కూడా ముందే మాట్లాడుకోండి. రాత్రిపూట ఊపిరి ఆడక, చెప్పలేక మనిషి పడే భయం నేను చూశాను, అది ఇంత చిన్న ఏర్పాటుతో తగ్గుతుంది.

కరెంటు పడిన చర్మం నిదానంగా మానుతుంది. కుట్లు మామూలు కంటే ఎక్కువ రోజులు ఉంచుతారు, నోటి ద్వారా తిండి ఆలస్యంగా మొదలుపెడతారు. మెడలో లాలాజలం కారే రంధ్రం కొంతమందికి పడుతుంది, కట్లు కడుతూ వారాలు ఓపిక పడితే చాలామందికి మానుతుంది. నోరు తెరిచే వ్యాయామం మాత్రం మొదలుపెట్టమన్న రోజు నుంచి ఒక్క పూట కూడా మానొద్దు. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి, వారానికొకటి పెంచుకుంటూ పోవడం అందరికీ కుదిరే పద్ధతి.

ఖర్చు గురించి కొద్దిగా. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది, ఆ కార్డు ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు. అయితే ఆ ఆసుపత్రి పథకం జాబితాలో ఉండాలి, మీకు చెప్పిన ఆపరేషన్‌కు అనుమతి ముందే రావాలి. దవడ తీసే ప్యాకేజీ, ఫ్లాప్ ప్యాకేజీ రెండూ వర్తిస్తాయా, మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది అని పథకం కౌంటర్‌లో అడిగి తెలుసుకున్నాకే అడ్మిట్ అవ్వండి. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి, భువనేశ్వర్‌లో ఎయిమ్స్, కటక్‌లో ఆచార్య హరిహర కేన్సర్ ఆసుపత్రి మీకు అందుబాటులో ఉన్న పెద్ద ప్రభుత్వ రంగ చోట్లు. ఎక్కడికి వెళ్లినా, తీసే సర్జన్, ఫ్లాప్ పెట్టే సర్జన్, కరెంటు డాక్టరు కలిసి కూర్చుని చూసే ట్యూమర్ బోర్డులో మీ కేసు పెట్టమని అడగండి. రానుపోను దూరం చూసి భయపడి దగ్గరలో అలవాటు లేనిచోట చేయించడం కంటే, రైలెక్కి అలవాటున్న చోటికి వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. మొదటిసారి ఆపరేషన్‌కైతే ఇంత గట్టిగా చెప్పను.

ఇంటికి వచ్చాక ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. మెడ గాయం నుంచి గానీ నోటి నుంచి గానీ ఎర్రటి తాజా రక్తం వచ్చి, దానంతట అదే ఆగిపోయినా సరే, అది ఎమర్జెన్సీ. కరెంటు పడిన మెడలో కెరోటిడ్ ధమని గోడ బలహీనపడితే ముందు ఇలా కొద్దిగా వచ్చి ఆగుతుంది, తర్వాత వచ్చేది ఆగదు. శుభ్రమైన గుడ్డతో అక్కడే గట్టిగా నొక్కిపట్టి, పొద్దుటి రైలు కోసం చూడకుండా, ముందు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడి నుంచి మీ సర్జన్‌కు ఫోన్ చేయించండి.

ఆపరేషన్ నోట్ దొరికాక, పేరు, నంబరు కనబడకుండా కప్పి, మెడ గురించి రాసిన పేరా ఫొటో పెట్టండి. టీఎస్‌హెచ్, అల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) రిపోర్టులు, ఇప్పటి బరువు, నోరు ఎన్ని వేళ్లు పట్టేలా తెరుచుకుంటోందో కూడా రాయండి. కుడి వైపు ఏ నాళాలు మిగిలాయో, ఎడమకు ఎంత కరెంటు పడిందో చూసి, సర్జన్‌ను ఇంకేం అడగాలో చెబుతాను.